గురక పెట్టే బస్సు బొమ్మ

ఆ తెర మీది మాటలు నేనే రాశాను. ఇంకొకరి మీదికి తోసేద్దామన్నా నాకు నోరు రాదు.

బస్సు ఎక్కడుందో చెప్పే యాప్‌కు మాటలు రాయడం నా ఉద్యోగం. జనగామలో అద్దె గదిలో కూర్చొని, హైదరాబాద్ ఆఫీసు వాళ్ళు అడిగినవి రాసి పంపుతాను. చూపించడానికి ఏమీ లేనప్పుడు ఫోన్‌లో వచ్చేదాన్ని మేం ఖాళీ తెర అంటాం. దాన్ని చూసి జనం చిరాకు పడొద్దు, నవ్వాలి అన్నారు మీటింగులో. సరే, నవ్వించాను. కళ్ళు మూసుకుని గురక పెట్టే బస్సు బొమ్మ, దాని కింద "ఇప్పుడు బస్సులు లేవు. హాయిగా విశ్రాంతి తీసుకోండి!" అందరూ చప్పట్లు కొట్టారు. నిజంగా బస్సు లేకపోయినా అదే తెర, ఉన్న బస్సుకు సిగ్నల్ అందకపోయినా అదే తెర. అదేమిటని అడగాల్సింది నేనే. మహబూబాబాద్ కాలేజీకి మూడేళ్ళు బస్సు కోసం కాళ్ళు పీకేలా నిలబడ్డదాన్ని. అడగలేదు. చప్పట్లు తీయగా ఉన్నాయి మరి.

మా అక్కను భూపాలపల్లి దగ్గరి ఊరికి ఇచ్చారు. రెండేళ్ళ కింద ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు భూపాలపల్లి దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున పది గంటలకు మిషన్ మీద ఆమె వంతు. అది తప్పితే మర్నాటిదాకా ఆగాలి. అప్పటికి ఒళ్ళంతా నీరు పడుతుంది, పడుకుంటే ఊపిరాడదు.

ఇక ఆ ఊరి బస్టాపు గురించి చెప్పాలంటే నా నోరు మంచిది కాదు. మలుపు అవతల కట్టారు. లోపల కూర్చుంటే వచ్చే బస్సు కనబడదు, డ్రైవరుకు మనుషులు కనబడరు. పొద్దుటి ఎండ నేరుగా మొహాన కొడుతుంది. కట్టించినవాడు ఒక్క రోజు అక్కడ బస్సెక్కి ఉంటే తెలిసేది. అందుకే జనం పంక్చర్ షాపు నీడన నిలబడతారు, బస్సూ అక్కడే ఆగుతుంది. బొగ్గు లారీలు రోడ్డంతా ఆక్రమిస్తాయి కాబట్టి అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. దానికీ వాళ్ళకో పద్ధతుంది. బస్సు వచ్చే దారిలో ముందు పడే ఊళ్ళో రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపే అవ్వకు ఫోన్ చేస్తారు. బస్సు తన ముందు నుంచి దాటిందో లేదో ఆమె ఉన్నదున్నట్టు చెప్తుంది.

యాప్ వచ్చాక మా అక్క అవ్వకు ఫోన్ చేసి, "ఇగ నీకు తక్లీఫ్ లేదవ్వా, మా చెల్లె గిది చేసింది" అని చెప్పిందట. మర్నాడు పొద్దున్నే ఇంట్లో కూర్చొని యాప్ తెరిచింది. గురక పెట్టే బస్సు కనబడింది. ఆ పూట బస్సు లేదనుకుని, నేను చెప్పినట్టే హాయిగా నడుం వాల్చింది. అప్పుడు ఆ బస్సు సిగ్నల్ లేని చోట లారీల వెనక ఇరుక్కుని ఉంది. ముప్పావు గంట ఆలస్యంగా వచ్చి వెళ్ళిపోయింది. ఆ సంగతి తెలిసి అక్క ఆటో పట్టుకుని పోయేసరికి పది దాటింది. ఆమె వంతు పోయింది.

ఆఫీసుకు ఫోన్ చేసి అరిచాను. "యాప్ సరిగ్గానే పని చేసింది కదా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నేనూ ఎందరికో చెప్పినదాన్నే.

ఆ సాయంత్రం బస్సుకు అక్క ఊరికి పోయి, తెల్లవారి ఆమెతో పాటు పంక్చర్ షాపు దగ్గర నిలబడ్డాను. అక్క మొహమంతా వాచిపోయింది. ఆయాసపడుతూనే ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"అవ్వా, బస్సు దాటిందా?"

"ఇంకా దాటలే బిడ్డా. లారీలు అడ్డమున్నయ్. అరగంట పడ్తది. ఇంటికి పోకు, ఆడనే ఉండు."

నేను రాయాల్సిందల్లా ఆ నాలుగు ముక్కలే. నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

"ఆ యాప్ తీసెయ్ అక్కా" అన్నాను.

అక్క ఫోన్‌ను కొంగులో చుట్టుకుంది.

"ఎట్ల తీస్త? నువ్వు రాసినవ్ కదా. బస్సుల్లేవని నా చెల్లె చెప్తే, లేవనే అనుకున్న."