పాలసొరకి చీర కట్టాలా?

జాలరిపేట ఈశ్వరికి చదువు రాదు గానీ ఫోనుంది. పడవలు ఒడ్డుకు రాగానే చేపల ఫొటోలు తీసి, "సేపలొచ్చాయమ్మా" అని గొంతు రికార్డు చేసి, ఉక్కునగరంలోని తన వాడుక ఇళ్లకు పంపుతుంది.

అక్కడి గురునాథరావు గారింటికి కూతురు రోజారమణి పురిటికి వచ్చి బిడ్డను కంది. బాలింతకు పాలు పడాలంటే సొరచేపతో చేసే సొరపిట్టు పెట్టాలని మా తీరంలో ఎవర్నడిగినా చెబుతారు. అందుకే ఈశ్వరి ఓ పాలసొర చేప మీద వేడినీళ్లు పోసి, తోలు శుభ్రంగా గీకి, ఫొటో తీసి రోజారమణి కోసం ఆ ఇంటి ఫోనుకు పంపింది. ఆ వేళప్పుడు ఫోను గురునాథరావు చేతిలో ఉంది. తోలు లేని సొరను చూసి ఆ ఫోను మనిషి ఒళ్లనుకుంది! బొమ్మను మసక చేసి, "ఇందులో నగ్నత్వం ఉండవచ్చు, చూస్తారా?" అనడిగింది.

పెద్దమనిషి తెరిచి చూశాడా? అబ్బే! ఆ మసక బొమ్మనే, పైన ఈశ్వరి పేరుతో సహా, స్క్రీన్‌షాట్ తీసి తమ సెక్టారు ఇళ్లవాళ్లందరూ ఉండే గ్రూపులో పడేశాడు. "చేపల మనిషి బూతు బొమ్మలు పంపుతోంది. గుమ్మం ఎక్కనీయకండి" అని రాశాడు కూడా.

మర్నాడు తట్టతో వచ్చిన ఈశ్వరికి ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చివరికి ఓ పనిమనిషి గుసగుసగా సంగతి చెప్పింది. ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! ఏళ్ల తరబడి ఆ వీధుల్లో తెచ్చుకున్న మంచిపేరే ఆమెకు కూడు పెడుతోంది. అది పోతే ఆ తట్ట ఎవరు దింపించుకుంటారు?

తిన్నగా వెళ్లి గురునాథరావు వాకిట్లో తట్ట దించింది.

"ఏటి బాబూ, నాను పంపిందేటి? నలుగురికీ ఇప్పి సూపించు!"

జనం మూగారు. బిడ్డను చూడ్డానికొచ్చిన అల్లుడు దేవీప్రసాద్ ఫోను తీసుకుని ఫొటో తెరిచాడు. పాలసొర! అందరూ గొల్లుమన్నారు. ఈశ్వరి మాత్రం నవ్వలేదు.

"నా సొరకి సీర కట్టి పంపాల్నేటి?"

"నాదేం తప్పమ్మా? ఫోనే అలా అంది," గురునాథరావు నసిగాడు.

అల్లుడికీ చిర్రెత్తుకొచ్చింది. "మావయ్యా, ఆ మెసేజ్ తాళమేసి వచ్చింది. దారిలో ఎవుళూ సూడ్లేదు. ఫోను కూడా తనలో తనే అనుమానపడి మీకొక్కరికే సెప్పింది. ఆ ఫోను కంపెనీవోళ్లకైనా సెప్పలేదు."

"ఇన్నావా బాబూ?" ఈశ్వరి అందుకుంది. "పేణం లేని ఫోనుకున్న గుట్టు నీకు లేకపోయింది! అది నీ సెవిలో సెప్తే నువ్వు ఊరంతా టముకేసినావు!"

"సర్లే, డిలీట్ చేసేస్తాను."

"తీసేత్తే సూసినోళ్ల మనసులోంచి పోద్దా? అదే గ్రూపులో సెప్పు. రాత వొద్దు, నాకు సదువు రాదు. గొంతుతో సెప్పు, నాను ఇంటాను."

గురునాథరావు చుట్టూ చూశాడు. ఎవరూ అడ్డు రాలేదు. గుమ్మంలో బిడ్డనెత్తుకుని నిలబడ్డ కూతురు కూడా, "చెప్పండి నాన్నా" అంది. ఇక తప్పక ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఈశ్వరి పంపింది పాలసొర. నేను చూడకుండానే నోరు పారేసుకున్నాను. తప్పు నాది."

క్షణంలో వాకిట్లో ఉన్నవాళ్ల ఫోన్లన్నిట్లోంచీ ఆయన గొంతే. ఈశ్వరి చివరిదాకా వింది. మళ్లీ వేయించుకుని వింది. అప్పుడు తట్టలోంచి పాలసొర తీసి రోజారమణి గిన్నెలో వేసింది.

"పిట్టు నువ్వు కడుపు నిండా తిను తల్లీ. మీ నాన్నకి మాత్రం సిటికెడు పెట్టకు."