నడుం వంగని బండి

బ్రేకుల మేస్త్రిని అందరూ నడక మేస్త్రి అనేవారు. తల నెరిసేదాకా బ్రేకులు బాగుచేసిన మనిషి, బండెక్కమంటే మాత్రం చెప్పులు తొడుక్కుని నడక మొదలుపెట్టేవాడు. లోపల ఏముందో తెలియక మీరెక్కుతున్నారు, నాకు తెలుసు గనక ఎక్కను అనేవాడు. తన వంట తాను తినని వంటవాడివి నువ్వని పక్క షెడ్డు వెల్డరు ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

మేస్త్రికి ఒక్కతే చెల్లెలు. భర్త పోయాక అతని పాత పికప్పు స్టీరింగు ఆమే పట్టింది. కొండమీది క్వారీ నుంచి రాళ్లు కిందికి దింపడం ఆమె పని. లోడు వేస్తే బండి వెనక చతికిలబడుతోందంటే మేస్త్రి వెనక ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టలో అదనంగా ఓ ఇనుప పట్టీ బిగించాడు. ఇక ఎంత బరువేసినా దీని నడుం వంగదని వీధంతా గొప్పలు చెప్పుకున్నాడు కూడా.

కొన్నాళ్లకు ఆమె మరో గోడు తెచ్చింది. రాళ్లతో దిగేటప్పుడు వెనక బ్రేకు పట్టడం లేదట, ముందు చక్రాల దగ్గర కాలిన వాసనట. మేస్త్రి వెనక డ్రమ్ములు విప్పి కొత్త బ్రేకు షూలు వేశాడు, కారుతున్న సిలిండరు మార్చాడు, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీశాడు. ఖాళీ బండిని వీధిలో తోలించి చూస్తే చక్కగా ఆగింది. మర్నాడు పొద్దున్నే ఆమె కొండెక్కింది.

ఆమె వెళ్లిన కాసేపటికి బస్తాల లోడుతో ఇంకో పికప్పు షెడ్డుకొచ్చింది. మేస్త్రి దాని కిందికి దూరాడు. బరువుకి బండి కుంగి, వెనక ఇరుసు మీది సన్నటి కడ్డీ పైనున్న వాల్వు మీటను ఎత్తి పట్టుకుంది. ఆ మీట లేస్తేనే వెనక బ్రేకులకు పూర్తి బలం అందుతుంది. చెల్లెలి బండి అసలు కుంగదు. కుంగకుండా చేసింది తనే. నిండా రాళ్లున్నా ఆ వాల్వుకి అది ఖాళీ బండే. మేస్త్రి వెంటనే చెల్లెలికి ఫోను చేశాడు.

ఫోను కలవలేదు, క్వారీలో సిగ్నల్ ఉండదు. నడిచి వెళ్తే అందుకోలేడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగున వెళ్లి వెల్డరు మోటారుసైకిలు వెనక కూర్చున్నాడు. ఆ రోజు వెల్డరు కూడా ఎగతాళి చెయ్యలేదు. ప్రతి మలుపులోనూ లోయలోకి చూడాలంటే మేస్త్రికి భయం, చూడకుండా ఉండాలన్నా భయమే.

క్వారీ గేటు దగ్గర ఆమె అప్పుడే రాళ్లతో బయటికొస్తోంది. మేస్త్రి చేతులు చాచి అడ్డంగా నిలబడ్డాడు. ఆమె బ్రేకు తొక్కింది. ఆ కాస్త వాలుకే బండి ఆగకుండా జారుకుంటూ వచ్చి, బంపరు ఆయన చొక్కాకి తగిలాక ఆగింది.

చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టించి, మేస్త్రి కిందికి దూరి, ఆ మీటను పైకెత్తి తీగతో గట్టిగా కట్టేశాడు. బయటికొచ్చి, తప్పంతా తను వేసిన పట్టీదేనని చెప్పాడు. ఆమె దిగి, బండి కిందికి వంగి ఆ తీగ చూసింది.

"ఇప్పుడు బ్రేకు పడుతుందా?"

"పట్టాలి."

"అయితే నువ్వు వెల్డరన్నయ్యతో దిగు. నేను మెల్లగా వస్తా."

మేస్త్రి తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. "నేనెక్కని బండిలో నిన్ను ఎక్కిస్తున్నానమ్మా ఇన్నాళ్లూ. పోనీ."

మొదటి మలుపు రాగానే ఆమె పెడలు తొక్కింది. ఈసారి వెనక చక్రాలు పట్టాయి. బండి ముక్కు వంచకుండా నెమ్మదించింది. కింద రోడ్డు చదునయ్యాక ఆమె బండి పక్కకి ఆపి, స్టీరింగు మీద తలపెట్టి ఏడ్చింది.

రాళ్లు దించాక షెడ్డులో వెల్డరు ఆ కడ్డీకి ముక్క అతికి, బండి పెద్దగా కుంగకపోయినా మీట లేచేలా పొడవు చేశాడు. మేస్త్రి తీగ విప్పి, దాన్ని కొలత చూసి బిగించాడు. రెండో లోడుకని ఆమె బండి ఎక్కేసరికి, పక్క సీట్లో మేస్త్రి అప్పటికే కూర్చుని ఉన్నాడు. వెల్డరు మేస్త్రి చెప్పులు పట్టుకుని వెంటబడ్డాడు.

"అక్కడే ఉంచు," అన్నాడు మేస్త్రి. "ఈ లోడు కూడా దించి వస్తాం."