చూడలేనన్న మేడంగారు

ఆ రోజుల్లో మెడలో ఒక గుర్తింపు కార్డు వేలాడితే చాలు, యానాం మొత్తం నావైపే చూస్తోందనిపించేది. సోషల్ వర్క్‌లో పీజీ పూర్తిచేసి ఓ స్వచ్ఛంద సంస్థలో చేరిన కొత్త. దివ్యాంగులకూ, ఏ ఆసరా లేనివాళ్ళకూ పని చూపించే కేంద్రాలు నిజంగా ఎలా నడుస్తున్నాయో చూసి చెప్పడం మా పని. నాకు జోడీగా కనకాలపేట నుంచి వచ్చే ఓ అక్కను వేశారు. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివింది. గంజిపెట్టిన చీర, నల్లకళ్ళద్దాలు, ఎదుటివాళ్ళు సర్దుకుని కూర్చునేంత గట్టి గొంతు. ఈ సర్వే అయిపోతే ఆవిడకు మళ్ళీ పనుండదు. ఆ దిగులు మాత్రం బయటపడనిచ్చేది కాదు.

కేంద్రానికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే ఫరంపేటలో మా సందు మలుపులోనే స్కూటీ మీంచి జారిపడ్డాను. కాలు బెణికింది. (సెలవు పెట్టమని అమ్మ మొత్తుకుంది. నేను వెళ్ళకపోతే దివ్యాంగుల సంక్షేమం ఆగిపోతుందని నా గట్టి నమ్మకం.) ఆ కంగారులో గుర్తింపు కార్డు ఇంట్లోనే మర్చిపోయాను. ఆటో దిగి అక్క భుజం పట్టుకుని కుంటుకుంటూ నడిచాను. మెట్లెక్కడున్నాయో నేను చెప్పాను, నా బరువు ఆవిడ మోసింది. లోపల నిర్వాహకుడు గబుక్కున లేచి, "రండి మేడంగారూ! మీరొస్తారని కబురొచ్చిందండి, ఆయ్" అంటూ అక్కకు కుర్చీ లాగాడు. ఆ చప్పుడును బట్టే ఆవిడ దర్జాగా కూర్చుంది. తర్వాత ఆయన నావైపు జాలిగా తిరిగి, "నువ్విలా బల్ల మీద కూర్చోమ్మా. ఏం చదివావు?" అన్నాడు. చెప్పాను. "చదువుకేముంది గానీ, అగరబత్తీల బ్యాచ్‌లో చేరిపో."

"కాలు పొద్దున్నే బెణికిందండీ, అంతే!"

"మొదట్లో ఎవరూ ఒప్పుకోలేరమ్మా" అన్నాడు ఎంతో ఓదార్పుగా. నేను మళ్ళీ నోరు తెరిచేలోగా పక్కనుంచి అక్క నా చెయ్యి గిల్లింది. (గోళ్ళు బాగా పెంచేది.)

"వచ్చినవాళ్ళందరికీ అగరబత్తీలేనా అండీ?" అని అడిగింది.

"అందరికీ అదేనండి, ఆయ్. పాపం, ఎవరికీ తేడా చూపించం. కావాలంటే గోడ మీద మా పిల్లల ఫొటోలు చూడండి."

"నేను చూడలేనండీ."

"అవునండి, నాకూ మనసు కలుక్కుమంటదండి."

"మనసు సంగతి కాదండీ. నాకు కళ్ళు కనపడవు."

ఆయన ఆవిడను చూశాడు, నన్ను చూశాడు, చివరికి నా కాలివైపు చూసి కూలబడ్డాడు. అక్క మామూలుగానే, "ఏం పని కావాలని ఎవర్నైనా అడుగుతారా?" అంది. "అడిగాక ఇవ్వలేకపోతే వాళ్ళ మొహం చూడలేమండి. అందుకే అడగం" అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు, అందుకు మెచ్చుకోవాలి. "అయితే నన్నడగండి" అంది అక్క. అడిగాడు. ఫోన్ దగ్గర కూర్చునే పని కావాలంది. ఆయన అప్పటికప్పుడు తనకు తెలిసిన ఐసు ఫ్యాక్టరీ యజమానికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు. "కళ్ళు లేని మనిషి ఫోనెలా మాట్లాడతదండీ?" అని అవతల్నుంచి వినిపించింది.

అక్క ముందుకు వంగి, "చెవితోనండీ" అంది.

అవతలి మనిషి పెద్దగా నవ్వేసి, "రేపోసారి పంపండి" అన్నాడు.

తిరుగు ఆటోలో అక్క మొహం వెలిగిపోతుంటే నేను మాత్రం బుసలు కొడుతున్నాను. చదువు చెప్పినా లెక్కచెయ్యలేదనీ, నా కాలు సంగతి నాకంటే తనకే ఎక్కువ తెలిసినట్టు మాట్లాడాడనీ ఏకరువు పెట్టాను. అక్క అంతా ఓపిగ్గా విని, "నీకు గంటసేపేగా పిల్లా. అప్పుడే అలిసిపోయావా?" అంది.

అక్క ఇప్పటికీ ఐసు ఫ్యాక్టరీలోనే ఉంది. ఐసు కోసం చేపల పడవలవాళ్ళు ఫోన్ చేస్తే ఆవిడకే ఇమ్మంటారట. కేంద్రంలో ఇప్పుడు ఏం పని కావాలని అడుగుతున్నారు. అడిగిన పని అందరికీ దొరకడం లేదు. నేనూ అలాంటి గదులు చాలానే చూశాను, పనికొచ్చేంత నిదానం అలవాటైంది. అయినా ఆ ఆటోలో మూతి ముడుచుకుని కూర్చున్న పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత కోపం ఇప్పుడు నాకు రాదు. అప్పుడప్పుడూ వస్తే బాగుండుననిపిస్తుంది.