శంకర్‌పల్లి దాకా మనిషి

మా ఇంటి మగవాళ్ళు చేతిలో ఏదీ పట్టుకుని వీధిలో నడవరు. గొడుగైనా, సంచైనా, ఆఖరికి తమలపాకుల పొట్లమైనా వెనక నడిచే మనిషి దగ్గరే ఉండాలి. మా తాత ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటించాడంటే, భూములు కూడా ఆయన చేతిలో నిలవలేదు. నాన్న కాలం ముగిసేసరికి అమీర్‌పేటలో పెంకులు జారిన ఇల్లు ఒకటి, వెండి పన్నీరుబుడ్డి ఒకటి, ఈ నియమం మిగిలాయి. వెనక నడిచే మనిషి మాత్రం మిగల్లేదు.

అయినా నేను నియమం తప్పలేదు. ఒకసారి పంజగుట్ట అంగట్లో కొబ్బరికాయ కొన్నాను. దుకాణదారు దాన్ని నా చేతిలో పెట్టబోయాడు. "మనిషిని పంపిస్త" అని చెప్పి నిటారుగా నడిచి వచ్చేశాను. పంపడానికి మనిషి లేడు కనుక ఆ కాయ ఇంకా అక్కడే ఉండాలి. అమ్మ ఆ పూట కొబ్బరి లేని పచ్చడి తిని, "మంచిపని చేసినవ్ బిడ్డా" అంది.

అలాంటి నాకు ఏటా దసరా వెళ్ళగానే బీదర్ కావాలి. ఆ ఊరికి రైలు పడి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఎత్తైన ఎర్రమట్టి పీఠభూమి మీద సుల్తానులు కట్టి, వాడుకుని, వదిలేసిన ఊరు. చల్లని గాలి. అన్నిటినీ మించి, అక్కడ మేమెవరమో ఒక్కడికీ తెలియదు.

రైలు దిగగానే పరుపుచుట్టను నేనే భుజాన వేసుకునేవాణ్ణి. అది నా మొదటి వేడుక. తర్వాత బజారు నడుమనున్న గుండ్రటి బురుజు నీడలో క్షవరం. అమీర్‌పేట మంగలి నా తల ముట్టే ముందు సెలవు అడుగుతాడు. బీదర్ మంగలి మెడ పట్టి వంచి, కదలొద్దని "అరే మియా, హిలో మత్!" అంటూ కసురుతాడు. ఆ కసురు వినడానికే, గడ్డం పెరగకపోయినా వెళ్ళి కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం సగం కూలిన పాత మదరసాలో, ఇంకా ఊడిపోని నీలిపెంకుల కింద నిద్ర. చితికిన ఇంటివాడికి చితికిన సుల్తానుల పక్కన హాయిగా నిద్ర పడుతుంది.

అన్నిటికంటే ఇష్టమైనది కోటగోడ ఎక్కి సీతాఫలాలు తిని, గింజలు కందకంలోకి ఉమ్మడం. అక్కడ రాతిని తొలిచి చేసిన కందకాలు వరసగా మూడున్నాయి. ఎన్ని సైన్యాలు వాటిని దాటలేక ఆగిపోయాయో గాని, నా గింజ మాత్రం మొదటిదాన్ని ఎన్నడూ దాటలేదు.

ఇవన్నీ ఒక్కణ్ణే ఉంటేనే కుదురుతాయి. అమ్మ షరతు వేరు. వెనక మనిషి లేకుండా నేను ఊరు దాటకూడదు. బేగంపేట స్టేషన్ దాకా పరదా కట్టిన టాంగాలో వచ్చి, పరదా సందులోంచి చూసేది. మనిషి కనబడకపోతే బీదర్ లేదు.

దానికి నేనొక ఉపాయం చేశాను. మా పాత కౌలుదారు కొడుకొకడు పంజగుట్టలో ఒక నవాబుగారి తోటకు నీళ్ళు పెట్టేవాడు. వాడి అత్తగారి ఊరు శంకర్‌పల్లి. అక్కడికి పోతానంటే వాడికి సెలవివ్వరు. దొర వెంట బీదర్ పోతున్నానంటే ఇస్తారు. కాబట్టి వాడు బేగంపేటలో నా సామాను నెత్తిన పెట్టుకుని రైలెక్కి, శంకర్‌పల్లిలో దిగిపోయేవాడు. తిరుగు ప్రయాణంలో అక్కడే మళ్ళీ ఎక్కి, నా వెనక నడుస్తూ ఇంటికి వచ్చేవాడు.

చిక్కల్లా ఇంటికి వచ్చాక అమ్మ వాణ్ణి అడిగే ప్రశ్నలతోనే.

"దొరకు ఎండ తాకనిచ్చినవారా?"

"అయ్యో దొరసానమ్మా, గొడుగు దించితే ఒట్టు! కోట దర్వాజ కాడ సిపాయిలు లేసి నిలబడ్డరు. ఒక ముసలాయన అయితే, గీ దొర తాతను నేనెరుగుదు అని ఏడ్సిండు సుత."

అమ్మ కళ్ళొత్తుకుంది. వాణ్ణి పెరట్లోకి పిలిచి అడిగాను.

"ముసలాయన ఎందుకేడ్సిండుర?"

"అమ్మ ఖుషీ అయింది గద దొరా! వచ్చేసారి ఏనుగును సుత పెడ్త."

"ఏనుగు వద్దుర, నమ్మది."

మరుసటి ఏడు వాడు ఏనుగును పెట్టాడు. అది నన్ను చూసి తొండమెత్తిందట. అమ్మ నమ్మింది. నమ్మి ఊరుకోలేదు.

"వచ్చే ఏడు నేను సుత వస్త. గా సలాములు నా కండ్లతోని చూడాలె."

ఏడాదంతా నాకు అదే దిగులు. ఆవిడ బీదర్‌లో అడుగుపెట్టిన క్షణాన మనిషి గుట్టు బయటపడుతుంది. ఇక నేను ఒంటరిగా ఎక్కడికీ కదలలేను. సీతాఫలం తిన్నా గింజలు పళ్ళెంలోనే వెయ్యాలి.

అమ్మ ప్రయాణం తప్పించడానికి పంచాంగాన్ని, కీళ్ళనొప్పులను అడ్డం పెట్టి చూశాను. లాభం లేకపోయింది. దసరా వెళ్ళాక ముగ్గురం ఒకే రైలు డబ్బాలో కూర్చున్నాం. శంకర్‌పల్లిలో రైలు ఆగీ ఆగగానే ఒక బక్కపలచని మనిషి కిటికీలోంచి తల దూర్చాడు.

"బావా! దిగవేంది? ఏడాదికోసారి గీ బండికే వస్తివి, గిప్పుడు గమ్మున కూసున్నవ్? కోడిని సుత కోసినం!"

మా మనిషి బిగుసుకుపోయాడు. "వీడెవడో నాకు తెల్వదు దొరసానమ్మా."

"ఓయ్ బావా, మందెక్కువైందా?" అని బావమరిది అంటూండగానే రైలు కదిలింది. అమ్మ కొంగు సర్దుకుని కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

"కోట ఎటురా?" అని బీదర్‌లో దిగాక వాణ్ణే అడిగింది. వాడు ధీమాగా చెయ్యి చాపిన వైపు తోళ్ళు ఎండబెట్టే మైదానం ఉంది. నేను దారి మళ్ళించాను. కోట దర్వాజ దగ్గర సిపాయి లేవలేదు సరికదా, బీడీ కూడా ఆర్పలేదు.

"గీడు కొత్తోడు దొరసానమ్మా," అన్నాడు మా మనిషి.

"ముసలాయన?"

"సచ్చిపోయిండంట."

"మరి ఏనుగు?"

వాడు ఆకాశం వంక చూశాడు. అమ్మ వాణ్ణి సామాను దగ్గర కూర్చోమని మేం బస చేసే ముసాఫిర్‌ఖానాకు పంపేసి, నా వైపు తిరిగింది.

"నువ్వీడ ఏం చేస్తవో గది చూపియ్యి."

కోటగోడ ఎక్కించి సీతాఫలం చేతికిచ్చాను. నేను గింజలు మర్యాదగా అరచేతిలోకి తీసుకుంటున్నాను. అమ్మ అటూ ఇటూ చూసింది. ఎరిగినవాళ్ళెవరూ లేరు. ముసుగు వెనక్కి తోసి ఒక్క ఉమ్ము ఉమ్మింది. గింజ మొదటి కందకం దాటి అవతలి గట్టు మీద పడింది.

"చిన్నప్పుడు మా తోటల అందరికంటె దూరం నాదే పోయేది," అంది.

దిగేటప్పుడు మిగిలిన పండ్లు కొంగులో వేసుకుంది. నేను చెయ్యి చాచాను.

"వద్దు. నేనే తెస్త."

మనిషి గురించి అక్కడా, ఇంటికి వచ్చాకా ఏమీ అడగలేదు. మరుసటి దసరా తర్వాత నేను పరుపుచుట్ట కడుతుంటే వచ్చి నిలబడింది.

"గీ ఏడు నువ్వు ఇల్లు జూస్కో. నేను పోత."

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నెట్ల పోత? మన ఇంట్ల ఎవరన్న మనిషి లేకుండ పోయిండ్రా? వాడొస్తడు, శంకర్‌పల్లి దాకా."

ఆ రోజు బేగంపేట స్టేషన్ బయట, పరదా కట్టిన టాంగాలో నేను కూర్చున్నాను. సందులోంచి చూశాను. మా అమ్మ చేతులూపుకుంటూ ముందు నడుస్తోంది. సామాను వాడి నెత్తి మీదే ఉంది.