మొగిలమ్మ పేర ఎనిమిది మనియార్డర్లు

సుభాషిణి మంచి పిల్ల అని హనుమకొండలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఆమె పగ పట్టిన పిల్ల. అందుకే నాకు అంత ఇష్టం. ముప్పై ఏళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా తిరిగి రిటైరైన ఈ ఎల్లస్వామికి మంచివాళ్ళను చూసీ చూసీ విసుగొచ్చింది.

మొదట ఆమె మహిపాల్ అనేవాడి కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేది. బళ్ళకు, విత్తనాల దుకాణాలకు, చేనేత సంఘాలకు వెబ్‌సైట్లు తయారుచేసి, అవి ఇంటర్నెట్‌లో నిలబడేందుకు సర్వర్‌లో చోటు ఏడాదికింతని అద్దెకివ్వడం వాళ్ళ పని. పల్లెల వాళ్ళకు కార్డులు లేవు, బ్యాంకు దూరం. దగ్గరున్నది పోస్టాఫీసొక్కటే. అందుకని తొమ్మిది వందలు మనియార్డరు చేసేవాళ్ళు. అవి మోసుకెళ్ళేది నేనే, సంతకం పెట్టి తీసుకునేది మహిపాలే. ఆ సంతకం సంగతి గుర్తుంచుకోండి.

వాడికి మనియార్డరంటే నామోషీ. పెద్ద కాలేజీల వాళ్ళు వచ్చి కూర్చున్నప్పుడు నా ఖాకీ సంచి కనబడితే చాలు, ముఖం మాడ్చుకునేవాడు. ఒకరోజు మేడారం దారిలో ఉన్న ఒక బడి నుంచి పోశయ్య సారు పంపిన మనియార్డరు తీసుకెళ్ళాను. ఫారం అడుగున ఉండే చిన్న చీటీలో ఆయన రాసుకున్నాడు: ‘పిల్లల ఫొటోలు పోనియ్యకుండ్రి.’

"ఎల్లస్వామీ, గీ చిల్లర మోసుకొచ్చుడు బంద్ చెయ్. నా ఆఫీసేమన్న కల్లు దుకాణమా?" అని, ‘తీసుకోను’ అని రాసి ఫారం నా సంచి మీదికి విసిరాడు.

"సార్, ఆయన గడువు లోపల్నే పంపిండు. గిది అన్యాయం సార్," అంది సుభాషిణి.

వారంలో ఆ బడి వెబ్‌సైట్ తీసేశాడు. ఫొటోలు పోయాయి. ఎదురు మాట్లాడినందుకు సుభాషిణిని వెళ్ళగొట్టాడు. అంతటితో ఊరుకుంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. సుభాషిణి ఏదని పల్లెల వాళ్ళు ఫోన్లు చేసి అడిగితే, మనియార్డరు పైసలు ఆ పిల్లే తినేసిందని చెప్పాడు. సంతకాలన్నీ వాడివి! ఎంత గుండె ధైర్యం చూడండి!

ఆ మాట కుమార్‌పల్లి మార్కెట్‌కు చేరింది. సుభాషిణి తల్లి మొగిలమ్మ అక్కడ కూరగాయలు అమ్ముతుంది. పక్క కిరాణం ఓంప్రకాశ్ సేటు వచ్చినవాళ్ళకల్లా ఆ మాట చేరవేశాడు. ఏళ్ళ తరబడి కొనేవాళ్ళు కూడా మొగిలమ్మ ఇచ్చిన చిల్లరను ఆమె ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను నిజం చెబితే, "నీకేమైతదన్నా ఆ పిల్ల?" అని నవ్వారు.

సుభాషిణి ఏడవలేదు. తల్లి గొలుసు అమ్మి, ఒక సైకిల్ షాపు మేడ మీద గది తీసుకుని అదే వ్యాపారం సొంతంగా పెట్టింది. తలుపు మీద బోర్డు: ‘మనియార్డరు తీసుకోబడును.’ మొదటి మనియార్డరు పోశయ్య సారుదే. పోయిన ఫొటోలు మళ్ళీ రాలేదు గానీ, కొత్తవి పెట్టారు. తర్వాత రోజూ నా సంచిలో ఆమెకు రెండో మూడో ఉండేవి.

నాలుగేళ్ళు గడిచాయి. హైదరాబాదులో మహిపాల్ చోటు అద్దెకు తీసుకున్న సర్వర్ల కంపెనీ నడవక, ఆ యజమాని సర్వర్లన్నీ అమ్మకానికి పెట్టాడు. లోను తీసుకుని కొన్నది సుభాషిణి. మహిపాల్ వెబ్‌సైట్లన్నీ ఆమె చేతికొచ్చాయి. వాణ్ణి పోషించే ఇంజనీరింగ్ కాలేజీది కూడా అందులోనే ఉంది. నెలాఖరుకు వాడి గడువు అయిపోతుంది. కట్టాల్సింది నలభై వేలు.

వాడు మేడెక్కి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. దేవుడున్నాడు!

"చెక్కు రాస్తనమ్మా, ఇప్పుడే," అన్నాడు. అమ్మా అట!

"మా దగ్గర మనియార్డరే సార్. మా అమ్మ పేర పంపుండ్రి. అడ్రసు, ఓంప్రకాశ్ కిరాణం పక్కన."

"ఒక్క ఫారానికి అయిదు వేలే కదా. ఎనిమిది నింపాలె!"

"ఎనిమిదీ మీ చేతితోనే నింపుండ్రి. చీటీల ఏం రాయాల్నో నేను చెప్త, రాస్కోండ్రి."

ఆమె చెప్పింది: ‘సుభాషిణి నా దగ్గర పైస తినలేదు. తిన్నదని అబద్ధం చెప్పింది నేనే. మహిపాల్.’

వాడు నావైపు చూశాడు. నేను సంచి సర్దుకున్నాను.

మర్నాడు పెద్ద పోస్టాఫీసు లైన్లో వాడు నిలబడతాడని తెలిసి, లోపలే ఏదో పని కల్పించుకున్నాను. ఎనిమిది ఫారాలు నింపేసరికి చొక్కా తడిసిపోయింది. పక్కనున్న ముసలమ్మ, "బిడ్డా, నీ చేతిరాత మంచిగున్నది, జర నాది కూడ నింపు," అంది. నింపాడు.

మూడో రోజు పొద్దున, మార్కెట్ నిండుగా ఉన్న వేళ, ఎనిమిదీ తీసుకుని వెళ్ళాను. మొగిలమ్మకు చదువు రాదు. చదువురానివాళ్ళకు చీటీ చదివి వినిపించడం మా అలవాటు. ఎంత గట్టిగా చదవాలో మాకెవరూ చెప్పలేదు. నేను టమాటాల గంపల అవతలి వరకూ వినబడేలా చదివాను. వేలిముద్రకు చదువుకున్న సాక్షి కావాలి.

"ఓంప్రకాశ్ సేట్, జర సంతకం పెట్టు. ఏం రాసిండో ఇన్నవు గద?"

"ఇన్న ఇన్న, తే," అని తల వంచుకుని పెట్టాడు. రెండోదీ చదివాను, మళ్ళీ సంతకం పెట్టాడు. ఏడోది వచ్చేసరికి జనం మూగారు. ఒకామె మొగిలమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టిన మనిషే ఆమె.

ఎనిమిదోది చదివి ఇంకు డబ్బా చాపితే, మొగిలమ్మ బొటనవేలు కొంగులో దాచుకుంది.

"ఇది నాకొద్దు. తిప్పి పంపు."

"అయిదు వేలు మొగిలమ్మా!"

"అయితేంది? పోశయ్య సారు పైసలు ఆడు వద్దన్నడు. ఆని పైసలు నేను వద్దంటున్న."

నేను గంపల పక్కనే నిలబడ్డ సుభాషిణి వైపు చూశాను. ఆమె కూడా ముందు బిత్తరపోయింది. తర్వాత పకపకా నవ్వి, "అమ్మ పేర వచ్చిందన్నా, అమ్మ ఇష్టం. గా అయిదు వేలు పోతే పోనీ, సైట్లేం బంద్ చెయ్య," అంది.

‘తీసుకోనన్నారు’ అని నా చేత్తో రాశాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు.

తిరిగొచ్చిన మనియార్డరును పంపినవాడికే ఇవ్వాలి. వారానికి మహిపాల్ ఆఫీసుకు వెళ్ళాను. తొమ్మిదిమంది పనివాళ్ళున్నారు. ఎదురుగా కాలేజీ సెక్రటరీ కూర్చుని ఉన్నాడు.

"సార్, మీ మనియార్డరు వాపస్ వచ్చింది."

చెయ్యి చాపి తీసుకుంటే అయిపోయేది. చీటీ వాడి చేతికిచ్చి నేను వెళ్ళిపోవాల్సిందే. కానీ ఆ సెక్రటరీ ముందు మళ్ళీ నామోషీ పుట్టింది వాడికి.

"మనియార్డరా? నేనెవ్వలకు పంపలే. ఎవలిదో చూస్కో పో," అన్నాడు.

"మీది కాదా సార్? పేరైతే మీదే ఉన్నది. జర ఇని చెప్పుండ్రి," అని కళ్ళజోడు పెట్టుకున్నాను. "సుభాషిణి నా దగ్గర పైస తినలేదు. తిన్నదని అబద్ధం చెప్పింది నేనే. మహిపాల్."

కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. సెక్రటరీ కుర్చీలో ముందుకు వంగి ఆ చీటీ వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. మీదేనా, కాదా?"

చెయ్యి చాపి, "నాదే," అన్నాడు.

సంతకం పెట్టడానికి నా పెన్నే ఇచ్చాను.