మబ్బును పొమ్మన్న సాయంత్రం: బొలీవియాలో ఒక ఉర్లగడ్డల ఇల్లు

బొలీవియా అనే దేశం ఒకటి ఉందని అరవై ఏళ్ళు దాటేదాకా నాకు తెలియదు. అందులో సిగ్గుపడేదేమీ లేదు. మా సోమేనహళ్ళి ఉందని వాళ్ళకూ తెలియదు. నేను మూడో తరగతి దాకా చదివాను, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు హిందూపురం బస్సుల బోర్డులు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఇది రాసింది నేనే. చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదురుగా ఉన్న సైబర్ సెంటర్ ఆయన దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తప్పులుంటే ఆయనవి.

నేను వెళ్ళింది ఉర్లగడ్డ కోసం. మీలో కొందరు బంగాళాదుంప అంటారు, ఏమన్నా అదే గడ్డ. మా ఊళ్ళో ఒకప్పుడు ప్రతి చేనులోనూ అదే. అంగమారి తెగులు వచ్చి ఆకులు మాడిపోతుంటే ఒకరు ద్రాక్షకు మళ్ళారు, ఒకరు గులాబీకి మళ్ళారు, ఇంకొకరు చేను అమ్మేశారు. ఇప్పుడు ఊళ్ళో ఉర్లగడ్డ వేసేది నేనొక్కడినే. దాని గురించి నాలుగు మాటలు మాట్లాడదామంటే మనిషి లేడు. మా ఆవిడ గంగమ్మ ఉన్నప్పుడు విత్తనం గడ్డకు మొలకెత్తే కన్నులు ఎన్ని వదిలి కోయాలనే దాని మీద ఏటా నాతో పోట్లాడేది. ఆమె పోయి మూడేళ్ళయింది, ఆ పోట్లాట కూడా లేదు. సేద్యం మీద పనిచేసే ఒక సంస్థ వాళ్ళు, ఉర్లగడ్డ పుట్టిన కొండలు చూపిస్తాం వస్తావా అని అడిగితే ఆలోచించకుండా వస్తానన్నాను. అక్కడ నాకు కొత్తగా నేర్పేదేమీ ఉండదని గట్టిగా నమ్మాను. మాట్లాడే మనిషైనా దొరుకుతాడని వెళ్ళాను.

మా చిక్కబళ్ళాపురం జిల్లా అయిన మరుసటి ఏడు, జూన్ నెల అది. దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం అప్పుడే తెరిచారు, మా ఊరి వాళ్ళకు అది బెంగళూరు కంటే దగ్గర. మేం నలుగురం. హాసన్ రైతులిద్దరు, నేను, చింతామణి వైపు నుంచి వెంకటరెడ్డి. అతనికి నా కొడుకు వయసు, వ్యవసాయం చదివాడు, ఇంగ్లీషు వచ్చు. బెంగళూరు నుంచి జర్మనీ, అక్కడి నుంచి బ్రెజిల్, అక్కడి నుంచి బొలీవియాలోని సాంతాక్రూజ్, ఆఖరికి లాపాజ్. ఇల్లు వదిలిన మూడో రోజుకు చేరాం. వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ అనే పచ్చ జ్వరానికి సూది వేయించుకుని ఆ కార్డు దగ్గర పెట్టుకోండి. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన వాళ్ళే విమానాశ్రయంలో ఆపేస్తారు.

దేశం గురించి చెప్పాలి కదా, నేను చూసిందీ విన్నదీ చెబుతాను. మన దేశంలో మూడో వంతు ఉంటుంది, జనం మాత్రం కోటికి లోపే. సాంతాక్రూజ్‌లో దిగితే మన చెన్నపట్నం లాంటి ఉక్క, లాపాజ్‌లో దిగితే వణుకు. పుస్తకాల్లో రాజధాని సుక్రే అనే ఊరు, దొరతనం జరిగేది లాపాజ్‌లో. లాపాజ్ పెద్ద గంగాళం లాంటి లోయలో ఉంటుంది, దాని అంచు మీద ఎల్ ఆల్టో అనే ఇంకో ఊరు. మన నంది కొండ మీద ఇంకో నంది కొండ పెట్టి, దాని మీద మరో సగం కొండ పెడితే ఎంత ఎత్తో ఆ సీమంతా అంత ఎత్తు. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందదు. కోకా అనే ఆకు వేసి కాచిన నీళ్ళు ఇస్తారు, తాగండి, తల దిమ్ము తగ్గుతుంది. దొరల భాష స్పానిష్, కొండ జనం మాట్లాడేది ఐమారా, కెచువా. ఆడవాళ్ళు పొరలు పొరలుగా లంగాలు కట్టి, తల మీద గుండ్రటి టోపీ పెట్టుకుంటారు. ఆ టోపీ గాలికి ఎందుకు పడిపోదో నాకు చివరిదాకా తెలియలేదు.

ఎల్ ఆల్టో నుంచి పటకమాయా అనే సంత ఊరికి వ్యానులో రెండు గంటలు పైన పట్టింది, మనిషికి మన లెక్కన అరవై రూపాయల దాకా అయింది. తోవలో డ్రైవరు మీ దేశానికి సముద్రం ఉందా అని, ఇంగ్లీషు వచ్చిన సంస్థ మనిషి, వెంకటరెడ్డి ద్వారా నన్ను అడిగాడు. దేశానికి ఉంది, మా జిల్లాకు లేదు, పారే నది కూడా లేదు అని చెప్పమన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు. వాళ్ళకూ ఒకప్పుడు సముద్రం ఉండేదట, యుద్ధంలో చిలీ దేశానికి పోయిందట. అయినా ఇప్పటికీ నౌకాదళం పెట్టుకున్నారట, ఏటా ఒక రోజు ఆ సముద్రాన్ని తలుచుకుంటారట. పోయిందాని కోసం పడవ సిద్ధంగా పెట్టుకుని కూర్చునే మనుషులు నాకు నచ్చారు.

పటకమాయా సంతలో ఉర్లగడ్డలు చూసి నా కళ్ళు చెదిరాయి. నల్లవి, ఎర్రవి, ఊదావి, వేళ్ళలా వంకర తిరిగినవి. సంత పక్కన ఒకామె వేడి పులుసు అమ్ముతుంటే తాగాం. అందులో మాంసంతో పాటు నల్లగా, ముడతలు పడిన ముద్దలు తేలుతున్నాయి. నోట్లో పెట్టుకుంటే గడ్డ రుచే, కానీ చెడిపోయిన గడ్డలా ఉంది. పాత సరుకు పడేశారని అనుకుని గిన్నె అంచున పెట్టేశాను. ఇదేంటని వంటామెను అడిగి ఉండవచ్చు. ఉర్లగడ్డ గురించి నేను ఇంకొకరిని అడగడమా అని అడగలేదు.

అక్కడి నుంచి ఇంకో గంట మట్టి దారిలో ఒక చిన్న ఊరికి తీసుకుపోయారు. ఆ ఊరి పేరు నా నోట తిరగదు. గడ్డి తప్ప చెట్టు లేని బయలు, దూరంగా మంచు కొండలు, అక్కడొకటి అక్కడొకటి మట్టి ఇళ్ళు. మిగతావాళ్ళు ఇంకా పైనున్న ప్రయోగాల తోట చూడ్డానికి వెళ్ళారు. నా ఊపిరి చూసి నన్ను వద్దన్నారు. రెండు రోజులు సెబాస్టియానా అనే పెద్దామె ఇంట్లో ఉండమన్నారు. ఆమెకు నా వయసే ఉంటుంది, మొగుడు పోయాడు. కొడుకు మార్టిన్‌కు నలభై ఏళ్ళు, ఆ రోజు సంతకు వెళ్ళి ఉన్నాడు. ఆమెకు ఐమారా తప్ప రాదు, నాకు తెలుగు, కన్నడం తప్ప రావు.

ఆ మధ్యాహ్నం ఎంత పొడవో చెప్పలేను. వెంట తెచ్చుకున్న రాగిపిండితో సంగటి చేయబోయాను. ఆ ఎత్తులో నీళ్ళు పొర్లుతాయే గానీ వాటికి వేడి చాలదు, సంగటి పచ్చిగానే ఉండిపోయింది. ఆమె చూసి ఏదో అంది. నేనూ ఏదో అన్నాను. దొడ్లో లామా అనే జంతువు ఉంటే, గొర్రె మెడ సాగదీసినట్టు ఉంటుంది, దానితో కాసేపు తెలుగులో మాట్లాడాను. అది ఉమ్మింది.

పొద్దు వాలుతుండగా ఇంటి వెనక్కి వెళ్ళాను. అక్కడ చదునైన నేల మీద, మన కళ్ళమంత వెడల్పున, ఉర్లగడ్డలు పరిచి ఉన్నాయి. పైన ఏమీ లేదు. చలి ఎముకల్లో దిగుతోంది. మా వైపు తవ్విన గడ్డను ఒక్క పూట ఎండకు వదిలినా పచ్చబడుతుందని గోనె కప్పుతాం. ఇక్కడ మంచు పడబోతోంది. కొడుకు ఇంట లేడు, ముసలామె లామాల వెంట పోయి మరిచిపోయింది, ఏడాది తిండి పోతుంది అనుకున్నాను. దొడ్లో గడ్డి వాము ఉంది, గోనెసంచులు ఉన్నాయి. ఆయాసపడుతూ, మధ్య మధ్య కూర్చుంటూ, చీకటి పడేలోపు మొత్తం కప్పేశాను. ఒక మూల మిగిలిపోతే నా కంబళి తెచ్చి పరిచాను. వణుకుతూ పడుకున్నా, దేశం వదిలాక తృప్తిగా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.

పొద్దున ఆమె అరుపుకు లేచాను. గడ్డి లాగి పారేస్తోంది. నా కంబళి తెచ్చి నా కాళ్ళ ముందు విసిరింది. మాట అర్థం కాకపోయినా తిట్టు అర్థమవుతుంది. తర్వాత ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. మెచ్చుకుంటుందని కాచుకున్న నేను బయట నిలబడిపోయాను. మార్టిన్ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వాళ్ళమ్మ చెప్పిందంతా విని, నన్ను గుట్ట మీదికి తీసుకుపోయి, అక్కడ సిగ్నలు దొరికాక మావాళ్ళతో ఉన్న సంస్థ మనిషికి ఫోను చేసి, ఏదో చెప్పి, నా చేతికిచ్చాడు. ఒక రోజంతా గడిచాక నేను విన్న మొదటి తెలుగు మాట ఇది.

"ఏం పని చేసినావు పెద్దప్పా?"

వెంకటరెడ్డి గొంతు. గడ్డలు మంచులో ఉంటే కప్పాను, అదే నేను చేసిన పని అని చెప్పాను.

"మంచు కోసమే గదప్పా వాళ్ళు పరిచిండేది. రేత్రి మంచులో బిగుసుకోవల్ల, పగలు ఎండకు కరగల్ల, ఆమీట కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండల్ల. అట్ల చేస్తే ఏండ్ల తరబడి చెడదంట. చూన్యో అంటారు. సంతలో పులుసులో నువ్వు పక్కన పెట్టినావే, అదే."

"తినేదాన్ని కాళ్ళతో తొక్కేదా?"

"అది మళ్ళ చూస్తాం. అవి సగం బిగుసుకోని ఉండాయంట. ఈ రేత్రి గట్టి మంచు పడకపోతే అన్నీ మెత్తబడి కుళ్ళిపోతాయంట. ఆయమ్మకు వానకాలందాకా అదే తిండి. ముందు పోయి తప్పయిందని చెప్పు."

"నేను తప్పయిందని చెప్పి యాబై ఏండ్లయింది రెడ్డీ. ఇంగ ఏ బాసలో చెప్పల్ల?"

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కిందికి దిగేసరికి పడమటి కొండల మీద మబ్బు కనిపించింది. మార్టిన్ దాన్ని చూపించి తల అడ్డంగా ఊపాడు. మబ్బు కమ్మితే మంచు పడదు, ఆ మాత్రం సేద్యగాడికి చెప్పక్కర్లేదు. నేను వెళ్ళి గడ్డల పక్కన రాళ్ళ గోడ మీద కూర్చున్నాను. మా సీమలో పుట్టినవాడు మబ్బు కనిపిస్తే లేచి నిలబడతాడు. దాని కోసం కప్పలకు పెళ్ళి చేశాం, దేవుళ్ళను ఊరేగించాం, బోర్లు ఎండిపోయిన చేలలో నిలబడి మెడలు నొప్పెట్టేదాకా పైకి చూశాం. వచ్చిన మబ్బును పొమ్మన్నవాడు మా వంశంలో లేడు. ఆ సాయంత్రం నేను అన్నాను. పైకే, గట్టిగానే అన్నాను.

"పో. యాడికన్నా పో. బాగేపల్లికి పో, చాకవేలుకు పో. ఆడ నీకోసం ఎదురుచూస్తాండారు. ఈడ మాత్రం వద్దు."

వెనక అడుగుల చప్పుడు. సెబాస్టియానమ్మ కోకా నీళ్ళ లోటా నా పక్కన పెట్టి, గోడకు అటు చివర కూర్చుంది. నేను ఎవరిని తిడుతున్నానో ఆమెకు తెలిసినట్టే ఉంది, తనూ పైకే చూసింది. మబ్బు మా నెత్తి మీదికి వచ్చింది, చాలాసేపు ఉంది. చీకటి పడే వేళకు గాలి లేచి దాన్ని తూర్పుకు తోసుకుపోయింది. మొదటి చుక్క కనిపించాక ఆమె లేచి ఖాళీ లోటా తీసుకుపోయింది. నేను కంబళి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

తెల్లవారి గడ్డను ముట్టుకుంటే గులకరాయిలా ఉంది. ఎండ ఎక్కి కాస్త కరిగాక తల్లీ కొడుకూ వాటిని చిన్న చిన్న కుప్పలు చేశారు. ఆమె నేల మీద నాలుగు కోకా ఆకులు పెట్టి, ఏదో గొణుక్కుని, కుప్ప ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. ఇంకో కుప్ప చూపించి నన్ను రమ్మంది. మేం కళ్ళంలో గింజల మీద నడుస్తాం, చెప్పులు విడిచి నడుస్తాం. కానీ గడ్డను నలిగేలా తొక్కడానికి నా కాలు లేవలేదు. చెప్పులూ మేజోళ్ళూ విడిచాను. వంగి ఒక గడ్డను తాకి కళ్ళకద్దుకున్నాను. ఆమె ఆగి చూసింది, తన ఆకులను చూపించి తలూపింది. అప్పుడు ఎక్కాను.

వేళ్ళ సందుల్లోంచి మంచునీళ్ళు చిమ్ముతుంటే ప్రాణం జివ్వుమంది. నేను గట్టిగా అదిమాను. ఆమె వచ్చి నా మోచెయ్యి పట్టుకుని అట్లా కాదని కేకలేసింది, పాదం తిప్పుతూ మెల్లగా తొక్కి చూపించింది. నాకు తెలుసులేమ్మా అన్నాను తెలుగులో. ఆమె ఐమారాలో నాలుగు మాటలు అంది. నేను ఆరు అన్నాను. విత్తనం గడ్డకు మూడు కన్నులు వదలాలని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు. దానికీ ఆమె ఒప్పుకోలేదు, గొంతును బట్టి తెలుస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అట్లాగే తొక్కుతూ పోట్లాడుకున్నాం. మధ్యాహ్నం పెట్టిన పులుసులో నల్ల ముద్దలన్నీ తిన్నాను, గిన్నె అంచున ఒక్కటీ పెట్టలేదు.

వచ్చి చాలా నెలలయింది. ఈ పంటకూ ఉర్లగడ్డే వేశాను, ఊళ్ళో ఈసారీ నేనొక్కడినే. విత్తనం కోసేటప్పుడు మూడు కన్నులు వదిలి, కత్తి ఆపి కాసేపు కాచుకుంటాను. ఇంట్లో ఎవరూ కాదనరు. బొలీవియాకు వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్కటే చెబుతాను. జూన్, జూలైలలో అక్కడ చలికాలం, మందపాటి కంబళి తీసుకుపోండి. దాన్ని మీరే కప్పుకోండి.