మా బావ చెవుల అప్పీలు

మా బావను వీధంతా చెవిటాయన అంటారు. చెవుడంటే నిశ్శబ్దం అనుకుంటారు జనం. ఆయనకు ఆ భాగ్యం కూడా లేదు. పొద్దున లేచింది మొదలు చెవుల్లో ఒకటే హోరు. ఎవరో కుళాయి కట్టేయకుండా వెళ్ళిపోయినట్టుంటుందని ఒకసారి నాతో చెప్పాడు. పద్నాలుగేళ్ళు ఫిరంగి దగ్గర పనిచేసి తెచ్చుకున్న ఆస్తి అది.

ఫిరంగిలోకి గుండు ఎక్కించడం బావ పని. ఎక్కించి, పక్కకు తప్పుకుని, నోరు తెరుచుకుని నిలబడాలి. నోరు మూస్తే చెవి పగులుతుందని పాతవాళ్ళు నేర్పారు. చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు బిరడాలు ఇచ్చేవారు గాని, అవి పెట్టుకుంటే కమాండరు కేక వినపడదు. అందుకని అందరివీ జేబుల్లోనే ఉండేవి. నేను అదే దళంలో వైర్‌లెస్ మనిషిని, బాగా వెనక గుంటలో కూర్చునేవాణ్ణి. నావి ఇప్పటికీ పాముచెవులే. మంచాలు పక్కపక్కన కావడంతో మాకు స్నేహం కుదిరింది. సెలవుకు ఇంటికి తీసుకెళ్ళి మా అక్కకు ఈ సంబంధం కుదిర్చింది నేనే. నా జన్మలో చేసిన తెలివైన పని అదొక్కటేనని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

ఏడాదికోసారి మాకు చెవుల పరీక్ష జరిగేది. గోడ వైపు తిరిగి స్టూలు మీద కూర్చోవాలి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తారు. సన్నటి కూత వినపడ్డప్పుడల్లా వేలెత్తాలి. తప్పినవాణ్ణి ఫిరంగి దగ్గర్నుంచి తీసేసి స్టోరుకు పంపుతారు. అక్కడ దుప్పట్లు మడతపెట్టుకుంటూ కూర్చోవడమంటే మాకు తల కొట్టేసినట్టు. అందుకని మా దళంలో ఒక పద్ధతి ఉండేది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. వరుసలో తరవాతివాడు వెనక బల్ల మీద కూర్చుంటాడు, వాడికి మిషను మీద మీట నొక్కే చెయ్యి కనపడుతుంది. ఆ చెయ్యి కదిలినప్పుడల్లా వాడు బూటు మొనతో స్టూలు కాలిని నొక్కాలి. అదురు తెలియగానే ముందువాడు వేలెత్తుతాడు.

ఐదో ఏడు దాటేసరికి బావకు ఆ కూత వినపడడం మానేసింది. అక్కణ్ణుంచి తొమ్మిదేళ్ళు ఆయన స్టూలు కాలిని నొక్కింది నేను. పెద్ద ఉపకారం చేస్తున్నాననుకున్నాను. సర్వీసు ముగిసి బయటికొచ్చే రోజు చివరి పరీక్షలో కూడా నొక్కాను. కాగితాల మీద మా బావ చెవులు నా చెవులకన్నా బాగున్నాయి.

బయటికొచ్చాక ఆయనకు బస్సు డిపోలో పని దొరికింది. రెండేళ్ళు గడిచాయో లేదో, వెనక్కి వస్తున్న బస్సు హారను వినపడక భుజం విరగ్గొట్టుకున్నాడు. తాగి అడ్డం వచ్చాడని రాసి ఇంటికి పంపేశారు. మా బావ జన్మలో తాగలేదు. ఇప్పుడు ముందుగదిలో ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తాడు. మోటారు సరిగ్గా తిరుగుతోందో లేదో అరచెయ్యి ఆనించి కనిపెడతాడు. చెయ్యి తిరిగిన మనిషే గాని, వచ్చినవాళ్ళు చెప్పేది వినపడక ఒక రోగానికి ఇంకో మందు వేస్తుంటాడు. నేనేమో సైన్యం గోదాములో గేటు సూపర్‌వైజరుగా కుదురుకున్నాను. సర్వీసులో మచ్చ లేదని చూసి ఇచ్చిన ఉద్యోగం. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది.

వైకల్య పింఛనుకు దరఖాస్తు పెట్టమని అక్క ఇరవై ఏళ్ళుగా పోరుతోంది. పెడితే పరీక్షల సంగతి బయటికొస్తుందని బావ వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి పోరు పడలేక పెట్టాడు. సర్వీసు ముగిసేనాటికి వినికిడి మామూలుగానే ఉందనీ, ఆ తరవాత వచ్చినది వయసు వల్లనేననీ తిప్పి పంపారు. బస్సు తగిలిన నాటికి ఆయనకు ముప్ఫై ఆరు. ఆ వయసుకే వచ్చేసిందట వయసు.

అప్పీలుకు వెళ్ళాం. అప్పుడు బావ అక్కకు స్టూలు కాలి సంగతి చెప్పాడు, నొక్కినవాడెవడో మాత్రం చెప్పలేదు. పింఛను రాకపోయినా బతికేస్తాం అంది అక్క. ఆ చెవులు ఫిరంగికి పోయాయని, తాగి కాదని, ప్రభుత్వం కాగితం మీద రాసివ్వాలి. ఆమెకు కావలసింది అదే. విచారణకు ముందు రోజు బావ నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"నువ్వు సాక్ష్యానికి రావద్దురా. ఆ పరీక్షలో దొంగపని చేశానని నీ నోటితో ఒప్పుకుంటే, ఆ గేటు దగ్గర నిన్ను ఒక్క పూట ఉంచరు."

మాట వరసకైనా నేను కాదనలేదు.

విచారణ గదిలో పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో జడ్జి మేడం, ఒక పక్క చెవుల డాక్టరు, ఇంకో పక్క రిటైరైన సైనికాధికారి. అక్క బయట వరండాలో ఉండిపోయింది. ఒక్క సహాయకుణ్ణే రానిస్తామంటే నేను లోపలికి వెళ్ళాను. వాళ్ళు అడిగిందల్లా నోటుపుస్తకంలో రాసి బావకు చూపించడం నా పని.

మేడం మంచి మనిషి కావడమే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఓపిగ్గా అంతా వివరించింది. ఇక్కడ సాక్ష్యాలను తక్కెడలో వేసినట్టు తూస్తారట. రెండు పళ్ళేలూ సమంగా నిలిస్తే చాలు, సైనికుడికే ఇవ్వాలని నిబంధన. ఫిరంగి మోతకు చెవులు ఇలా కావచ్చునని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. కాని ఎదటి పళ్ళెంలో పద్నాలుగు పరీక్షల కాగితాలున్నాయి. ఈ పళ్ళెంలో, అన్నేళ్ళు మోసం చేశానని తనే చెప్పుకుంటున్న మనిషి మాట ఒక్కటే ఉంది. కళ్ళారా చూసినవాడు ఒక్కడు వచ్చి ఔనంటే పళ్ళేలు సమానమవుతాయని చెప్పి, ఆమె నా వైపు తిరిగింది.

"ఆయన స్టూలు కాలు నొక్కింది ఎవరో రాసి అడగండి."

రాశాను. నా చేత్తో నేనే, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. బావ చదివాడు. నా మొహం వైపు చూడలేదు. తన గొంతు తనకు వినపడదు కనక ఆయన మాట ఎప్పుడూ పెద్దదే. గదంతా, బయట వరండా దాకా వినపడింది.

"వాడు చనిపోయాడు మేడం."

ఎప్పుడని అధికారి అడిగాడు. అదీ రాసి చూపించాను. చాలా కాలమైందన్నాడు బావ. ఆ పరీక్ష గదిలో ఇంకెవరైనా ఉండేవారా, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని మేడం అడిగింది. నాకు నోరుంది, కాళ్ళున్నాయి. లేవలేదు. రెండేళ్ళు, రెండేళ్ళు అని లోపల లెక్క నడుస్తోంది. నన్ను నేను అసహ్యించుకోవడం అప్పుడే మొదలైంది. కాని కుర్చీలోంచి లేపడానికి ఆ అసహ్యం సరిపోలేదు.

నెలన్నరకు ఉత్తర్వు వచ్చింది. అప్పీలు కొట్టేశారు. కళ్ళారా చూసిన సాక్షి ఎవరైనా ఆరు నెలల్లోపు ముందుకొస్తే, కేసు మళ్ళీ వింటామని చివర్లో రాశారు. అక్క కళ్ళజోడు పెట్టుకుని ఆ చివరి పేరా మళ్ళీ మళ్ళీ చదివింది. తరవాత నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ మనిషి బతికుంటే ఎక్కడున్నా వెళ్ళి కాళ్ళు పట్టుకుని తెచ్చేదాన్నిరా. పోయినవాణ్ణి ఏమనుకుంటాం" అంది.

బావకు ఆమె పెదాలు చదవడం బాగా అలవాటు. ఫ్యాను మర విప్పుతున్నవాడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు. నేను నీళ్ళు తాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను.

ఆ ఆరు నెలల్లో నాలుగు అయిపోయాయి. గేటు దగ్గర తీరిక దొరికినప్పుడల్లా ఇదంతా రాస్తూ వచ్చాను. స్టూలు ఎక్కడుండేదో, నేను ఎక్కడ కూర్చునేవాణ్ణో, ఏ కాలితో నొక్కేవాణ్ణో అన్నీ పూసగుచ్చినట్టు రాశాను. కింద సంతకం పెట్టలేదు.